లీల్ నుంచి లెస్టర్‌కి: అమ్మ మోకాళ్లు, నాన్న ఓడ కోరిక

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయనగరం. నేను ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అక్కావాళ్లు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటారు. వచ్చే జూన్‌లో అమ్మానాన్న మొదటిసారి దేశం దాటి వస్తున్నారు. పారిస్‌లో దిగి నా దగ్గర పది రోజులుంటారు. తర్వాత ముగ్గురం అక్క దగ్గరికి వెళ్లి, రెండు వారాలుండి, మళ్లీ లీల్ రావాలని మా ప్లాన్. వాళ్ల తిరుగు విమానం పారిస్ నుంచే. నాకు కారు లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైగా సముద్రం కింద నుంచి రైలు పోతుందంటే భయం. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు. జీవితమంతా విశాఖ ఒడ్డున నిలబడి ఓడలు చూడటమే తప్ప ఎక్కింది లేదు, ఈసారి ఎక్కాల్సిందే అంటున్నారు. ఆఫీసులో వాళ్లేమో బస్సు చవక, అందులో వెళ్లండి అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. రైలా, బస్సా, ఓడా? ముందు ఏది బుక్ చేయాలి?
— లీల్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఓడ. బస్సు ఈసారికి వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను. కానీ మీ ఉత్తరంలో వీసాల మాట ఎక్కడా లేదు. టికెట్ల కంటే ముందు తేలాల్సింది అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఇంగ్లండ్ షెంగెన్ దేశం కాదు, అంటే ఫ్రాన్స్‌తో కలిపి ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమిలో లేదు. ఫ్రాన్స్ వీసాతో అక్కడికి వెళ్లడం కుదరదు. ఇది మీ అమ్మానాన్నలకే కాదు, మీకూ వర్తిస్తుంది. మీ దగ్గర ఫ్రెంచ్ రెసిడెన్స్ కార్డు ఉన్నా, చేతిలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నంత కాలం బ్రిటన్ స్టాండర్డ్ విజిటర్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. మీ ఫ్రెంచ్ సహోద్యోగులు ‘ఫోన్లో ఈటీఏ (వీసా అక్కర్లేనివాళ్లు తీసుకునే ముందస్తు ప్రయాణ అనుమతి) తీసుకుంటే చాలు’ అనవచ్చు. 2025 ఏప్రిల్ 2 నుంచి వాళ్లకు ఆ పద్ధతి వచ్చిన మాట నిజమే. అది వాళ్ల పాస్‌పోర్టుకి, మనకు కాదు. మీరు ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఫీజు కట్టి, వేలిముద్రలకు పారిస్ వెళ్లాలి. దానికి ఒక రోజు సెలవు పక్కన పెట్టుకోండి.

ఇక అమ్మానాన్నల షెంగెన్ వీసా. ఈ ఉత్తరంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి: వాళ్లకు కనీసం రెండు ఎంట్రీలు కావాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో వచ్చారనుకోండి, పారిస్‌లో దిగగానే ఆ ఒక్క ఎంట్రీ అయిపోతుంది. తర్వాత లీల్ స్టేషన్‌లో ఫ్రెంచ్ పోలీసులు వాళ్లు దేశం దాటినట్టు నమోదు చేశారంటే, మళ్లీ ఫ్రాన్స్‌లో అడుగు పెట్టడానికి ఆ వీసా పనికిరాదు. తిరుగు విమానం పారిస్‌లో ఉంటుంది, మనుషులు లెస్టర్‌లో ఉంటారు. వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల సంఖ్య రాసిన చోట 01 అని ఉంటే ఒక్కసారే. 02 గానీ ‘మల్ట్’ అని గానీ ఉంటే మీ ప్లాన్ నడుస్తుంది. దరఖాస్తు ఫారంలో మల్టిపుల్ అని టిక్ పెట్టించడమే కాదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇంగ్లండ్‌లో పెద్దమ్మాయి దగ్గర ఉండి మళ్లీ ఫ్రాన్స్ వస్తామని కవర్ లెటర్‌లో స్పష్టంగా రాయించండి. వీసా చేతికి రాగానే స్టిక్కర్ ఫొటో తీసి పంపమనండి. మీ కళ్లతో మీరే చూడండి.

ఒక్కొక్కరికి ఉన్న పాస్‌పోర్టు ఒకటే, అది రెండు చోట్లకు వెళ్లి రావాలి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. బ్రిటన్ వీసాకు మూడు నెలల ముందు నుంచి మాత్రమే. కాబట్టి వరుస దానంతటదే తేలిపోతుంది: ముందు షెంగెన్, అది రాగానే బ్రిటన్. బ్రిటన్ వీసా నిర్ణయం మామూలుగా మూడు వారాల్లో వస్తుంది, కానీ సెలవుల సీజన్‌కు ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. జనవరి, ఫిబ్రవరిల్లో మొదటి పని, మార్చిలో రెండో పని పెట్టుకుంటే ఏప్రిల్ చివరికల్లా నిశ్చింతగా ఉంటారు. అక్క రాసే ఆహ్వాన లేఖ, వాళ్లింటి చిరునామా, అక్కడ ఆమె ఉంటున్నట్టు చూపే కాగితం, నాన్నగారి పెన్షన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకే ఫైల్లో ఉంచండి. ఈ ఫైలు తర్వాత బోర్డర్ దగ్గరా పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో గడిపే రోజులు షెంగెన్ లెక్కలోకి రావు, అది మీకు కలిసొచ్చే విషయం. ఇన్సూరెన్స్ మాత్రం చూసుకోండి. షెంగెన్ వీసా కోసం తీసుకునే పాలసీల్లో కొన్ని ఆ దేశాలకే పరిమితం. ఆ వయసులో వాళ్లు రెండు వారాలు బ్రిటన్‌లో ఉంటున్నారు కాబట్టి, పాలసీలో ఆ దేశం పేరు కూడా ఉండేలా తీసుకోండి.

ఇప్పుడు రైలు సంగతి. లీల్ యూరప్ స్టేషన్ నుంచి లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు, సముద్రం కింది సొరంగం గుండా వెళ్లే యూరోస్టార్ రైలు దాదాపు గంటన్నరలో చేరుతుంది. ఇంగ్లండ్ గడియారం ఫ్రాన్స్ కంటే గంట వెనక నడుస్తుంది. పదిన్నరకు లీల్‌లో ఎక్కితే లండన్‌లో దిగేసరికి అక్కడ పదకొండే అవుతుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లకు ఇంతటి సౌకర్యం ఇంకోటి లేదు. మీ ఊళ్లోనే రైలు ఆగుతుంటే పారిస్ దాకా పోవాల్సిన పని లేదు. నెట్‌లో పాత సమాచారం చాలా తిరుగుతోంది, జాగ్రత్త. కలే-ఫ్రెతాఁ స్టేషన్‌లో ఎక్కొచ్చనీ, ఇంగ్లండ్ వైపు ఆష్‌ఫర్డ్‌లో దిగొచ్చనీ రాసి ఉంటుంది. 2020 నుంచి యూరోస్టార్ అక్కడ ఆగడం లేదు.

లీల్‌లో రెండు పెద్ద స్టేషన్లున్న సంగతి మీకు తెలుసు. కానీ వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లు తరచూ తికమకపడతారు కాబట్టి చెప్తున్నాను. మామూలు ప్రాంతీయ రైళ్లు ఎక్కువగా లీల్ ఫ్లాండ్ర్‌కి వస్తాయి. యూరోస్టార్ మాత్రం లీల్ యూరప్ నుంచే. రెండింటి మధ్య నడక పది నిమిషాల లోపే, కానీ సూట్‌కేసులు లాక్కుంటూ అమ్మతో ఆ నడక వద్దు. మెట్రో రెండో లైన్లో ఒక్క స్టాప్. ఇంటి దగ్గరి నుంచే టాక్సీ అయితే ఇంకా మంచిది, ఆ ఒక్క రోజుకు ఖర్చు చూసుకోకండి.

అమ్మ భయం గురించి. ఆ భయాన్ని కొట్టిపారేయకండి, కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. రైలు నీళ్లలోంచి పోదు. సముద్రం నీళ్లు, దాని కింద సముద్రపు నేల, ఆ నేలకు ఇంకా కింద గట్టిపడిన సుద్దమట్టి పొర. ఆ పొరను తొలిచి సొరంగం వేశారు. మొత్తం పొడవు 50 కిలోమీటర్లు, అందులో సముద్రం కిందికి వచ్చేది దాదాపు 38. నిజానికి అవి మూడు సొరంగాలు. వెళ్లే రైళ్లకు ఒకటి, వచ్చే రైళ్లకు ఒకటి, మధ్యలో నిర్వహణ సిబ్బంది తిరగడానికి, అత్యవసరంలో ప్రయాణికులను బయటికి తీసుకురావడానికి విడిగా మూడోది. 1994 నుంచి రైళ్లు నడుస్తున్నాయి. లోపల ఉండేది సుమారు ఇరవై నిమిషాలు. కిటికీ బయట చీకటి, చెవులు కాస్త మూసుకుపోయినట్టు అనిపించడం, అంతే. విజయనగరం వాళ్లు కాబట్టి అరకు రైలు ఎక్కే ఉంటారు. ఒక సొరంగం దాటగానే ఇంకోటి వచ్చే ఆ దారిలో అమ్మ ఎలా కూర్చున్నారో ఇక్కడా అలాగే కూర్చోవచ్చని చెప్పండి. చేతిలో జపమాలో, ఫోన్లో ఇష్టమైన పాటలో ఉంటే ఆ ఇరవై నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టండి.

స్టేషన్‌లో జరిగేదేంటో కూడా వాళ్లకు ముందే చెప్పండి, పెద్దవాళ్లకు తెలియనిదే ఎక్కువ కంగారు. గంటన్నర ముందు చేరండి. రైలు బయల్దేరడానికి అరగంట ముందే గేట్లు మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా పంపరు. మొదట టికెట్ స్కాన్. తర్వాత ఎయిర్‌పోర్టులోలాగే బ్యాగులు మెషీన్‌లోకి. ఆ తర్వాత ఫ్రెంచ్ పోలీసు కౌంటర్. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే బ్రిటన్ అధికారులు కూర్చుని ఉంటారు. అంటే ఇంగ్లండ్ గడప దాటేది లండన్‌లో కాదు, లీల్‌లోనే. లండన్‌లో దిగాక ఇమిగ్రేషన్ క్యూ ఉండదు, బ్యాగులు తీసుకుని నేరుగా నడిచి వెళ్లిపోవడమే.

ఆ బ్రిటన్ కౌంటర్ దగ్గరికి ముగ్గురూ కలిసే వెళ్లండి. అమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, కుటుంబం అని చెప్పి మీరు మాట్లాడొచ్చు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్లు, ఎప్పుడు తిరిగొస్తారు, ఇంతే అడుగుతారు. అక్క చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు ఓడ టికెట్, పారిస్ నుంచి ఇండియా విమానం టికెట్ కాగితం మీద ప్రింట్ తీసి నాన్నగారి చేతికి ఇవ్వండి. ఫోన్లో ఉన్నాయిలే అనుకుంటే, సరిగ్గా అక్కడే నెట్ రాదు. నాన్నగారు మాస్టారు కాబట్టి ఆ ఫైలు బాధ్యత ఇస్తే ఆయనకూ బాగుంటుంది.

2025 అక్టోబర్ 12న యూరప్ కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ పద్ధతి మొదలుపెట్టింది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే బదులు ముఖం ఫొటో తీసి కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. అది అమ్మానాన్నల్లాంటి విజిటర్లకే, రెసిడెన్స్ కార్డు ఉన్న మీకు కాదు. దానివల్ల సెలవు రోజుల్లో క్యూ పొడవు పెరగొచ్చు. గంటన్నర ముందు చేరమన్నది అందుకు కూడా.

మోకాళ్ల కోసం ఒక్క మాట. యూరోస్టార్ వాళ్లను ముందే అడిగితే వీల్‌చెయిర్ సహాయం ఉచితంగా ఇస్తారు. రెండు మూడు రోజుల ముందు కాదు, టికెట్ కొన్న రోజే అడిగి పెట్టండి. ‘నాకు వీల్‌చెయిర్ ఎందుకు, నేనేమన్నా మంచాన పడ్డానా’ అని అమ్మ అంటారు. నడవలేక కాదు, క్యూలో గంటసేపు నిలబడటం తప్పించుకోడానికి అని చెప్పి ఒప్పించండి. ఇంగ్లండ్ రైళ్లలోనూ ఇదే సహాయం ఉంది, పాసింజర్ అసిస్ట్ అంటారు, అదీ ఉచితమే.

సెయింట్ పాంక్రస్ మీ ప్రయాణానికే కట్టినట్టుంటుంది. లెస్టర్ వెళ్లే ఈస్ట్ మిడ్‌లాండ్స్ రైళ్లు ఆ స్టేషన్ నుంచే బయల్దేరతాయి. వచ్చేటప్పుడు మీరు ఓడ ఎక్కే రేవు ఊరు డోవర్‌కు వెళ్లే హైస్పీడ్ రైళ్లు కూడా అక్కడి నుంచే. అంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ లండన్‌లో మెట్రో ఎక్కాల్సిన పని గానీ, సూట్‌కేసులతో రోడ్డు దాటాల్సిన పని గానీ ఉండదు. యూరోస్టార్ దిగి కింది అంతస్తులోకి వచ్చాక, లిఫ్ట్‌లో పైకి వెళ్తే లెస్టర్ ప్లాట్‌ఫారాలు. వేగంగా వెళ్లే రైలైతే గంటా పది నిమిషాల్లో లెస్టర్. ఈ రెండు రైళ్ల మధ్య కనీసం గంటన్నర ఖాళీ ఉంచండి. ఇంగ్లండ్‌లో చవక టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి. యూరోస్టార్ అరగంట ఆలస్యమైతే పరుగెత్తే పరిస్థితి అమ్మకు రాకూడదు. ముగ్గురు కలిసి వెళ్తున్నారు కాబట్టి గ్రూప్‌సేవ్ తగ్గింపు అడగండి. మూడు నుంచి తొమ్మిది మంది కలిసి రద్దీ లేని వేళల్లో వెళ్తే మూడో వంతు తగ్గుతుంది. లెస్టర్ రైళ్లకూ, డోవర్ రైళ్లకూ రెండింటికీ ఉంది.

సామాన్ల విషయానికొస్తే, యూరోస్టార్‌లో మామూలు టికెట్ మీద ఒక్కొక్కరు రెండు సూట్‌కేసులు, ఒక చేతి సంచి తీసుకెళ్లొచ్చు. తూకం వేయరు, కానీ ఎక్కించుకోవాల్సింది మీరే. విమానంలోలాగా 100 మిల్లీలీటర్ల నిబంధన లేదు. ఆవకాయ జాడీ చేతి సంచిలో పెట్టుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు. అయితే కత్తిపీటలు, పొడవాటి కత్తులు పెట్టొద్దు, తీసేస్తారు. నెయ్యి కూడా వద్దు. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి బ్రిటన్‌కు మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికైనా తీసుకెళ్లకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో తెచ్చిన నిబంధన అది. అసలు ఇండియా నుంచి ఫ్రాన్స్‌లోకే పాల పదార్థాలు తేకూడదు. పెద్ద కూతురి కోసం ఇంట్లో కాచిన నెయ్యి తేవాలని అమ్మకు ఎంత ఉన్నా, ముందే చెప్పేయండి. బోర్డర్‌లో పారేయించుకుంటే ఆవిడ మనసు చాలా కష్టపడుతుంది. లెస్టర్‌లో మన సరుకులు దొరకని వీధి వెతుక్కోవాలి, నెయ్యికి కొదవుండదు.

ఇక బస్సు. చవక మాట నిజమే. ముందుగా తీసుకుంటే రైలు ధరలో సగానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకు లీల్ నుంచి లండన్ చేరొచ్చు. మీరొక్కరే వెళ్తుంటే తప్పకుండా వెళ్లమనేదాన్ని. కానీ ఐదారు గంటల ప్రయాణం, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. కలే దగ్గర అందరినీ దింపి, పాస్‌పోర్టులు చూపించి, మళ్లీ ఎక్కిస్తారు. రాత్రి బస్సైతే ఆ దిగడం ఎక్కడం నడిరాత్రి, నిద్రకళ్లతో. దించేది విక్టోరియా కోచ్ స్టేషన్‌లో, అక్కడి నుంచి లెస్టర్‌కి మళ్లీ ఇంకో బస్సో, మెట్రో ఎక్కి సెయింట్ పాంక్రస్‌కో. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాళ్లు చాపుకోలేకుండా అంతసేపు కూర్చుంటే, తర్వాత రెండు రోజులు అక్క ఇంట్లో మంచం మీదే గడుస్తుంది. మిగిలే డబ్బుకు ఆ రెండు రోజులు ఖరీదు కట్టలేం.

నాన్నగారి ఓడకొద్దాం. దీనిమీద మీరు మనసులో ‘ఆయన సరదా, కుదిరితే చూద్దాం’ అనుకుంటున్నట్టు అనిపించింది. అలా అనుకోకండి. ఇంత దూరం మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియదు. ఇది జరిగే పనే, జరిపించండి.

అయితే ఓడల్లో తేడాలున్నాయి. డంకర్క్ నుంచి డోవర్‌కు ఓడలున్నాయి గానీ వాటిలో వాహనం లేకుండా వచ్చేవాళ్లను ఎక్కించుకోరు. సొరంగంలో కార్లను మోసుకెళ్లే లెషటిల్ రైలూ అంతే, వాహనం ఉండాల్సిందే. దియెప్ నుంచి న్యూహేవెన్‌కు వెళ్లే ఓడలో నడిచి ఎక్కొచ్చు, నాలుగు గంటల ప్రయాణం. అది నార్మండీలో ఉండేవాళ్లకు బాగుంటుంది, లీల్ నుంచి దియెప్ చేరడమే ఒక రోజు పని. కాబట్టి మీకు మిగిలేది కలే–డోవర్ దారి. అందులో పీ అండ్ ఓ అనే కంపెనీ ఓడలు నడిచి వచ్చేవాళ్లను తీసుకుంటాయి, కానీ అన్ని ఓడల్లోనూ కాదు, పగటిపూట కొన్నింటిలోనే. బుక్ చేసేటప్పుడు ‘ఫుట్ పాసింజర్’ అని ఎంచుకుంటేనే ఆ వేళలు కనిపిస్తాయి. కారు ఉన్నవాళ్ల టైం టేబుల్ చూసి మోసపోకండి.

వెళ్లేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడు ఓడ అన్నదానికి కారణం ఉంది. ఇంగ్లిష్ ఛానెల్‌లో గాలి పెరిగితే ఓడ ఆలస్యమవుతుంది. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే డోవర్ నుంచి లండన్, లండన్ నుంచి లెస్టర్ టికెట్లు వరసగా చేజారతాయి. వచ్చేటప్పుడు ఓడ దిగాక మిగిలేది కలే నుంచి లీల్ ప్రాంతీయ రైలు ఒక్కటే. దాని టికెట్‌కు సీటు నంబరు ఉండదు, ఆ రైలు పోతే తర్వాతి రైలు. పైగా అప్పటికి పచ్చళ్లూ పొడులూ అక్క ఇంట్లో దిగిపోయి ఉంటాయి, చేతిలో బరువు తక్కువ. అమ్మకు సొరంగం కూడా ఒక్కసారితో సరిపోతుంది. యూరోస్టార్ ఒకవైపు టికెట్ కొంటే అదనంగా ఏమీ పడదు, రానూపోనూ కొనాలన్న నియమం లేదు.

లెస్టర్ నుంచి అదే రోజు డోవర్ వెళ్లి ఓడ ఎక్కే ప్లాన్ పెట్టుకోకండి. ఓడకు గంటన్నర ముందు చేరాలంటే లెస్టర్‌లో పొద్దున్నే రద్దీ రైలు ఎక్కాలి, గ్రూప్‌సేవ్ కూడా పోతుంది. ముందురోజు మధ్యాహ్నం తీరిగ్గా బయల్దేరండి. సెయింట్ పాంక్రస్‌లో దిగి, అదే స్టేషన్‌లో డోవర్ ప్రయరీ వెళ్లే హైస్పీడ్ రైలు ఎక్కితే గంటా పది నిమిషాల ప్రయాణం. ఆ రాత్రి డోవర్‌లో ఉండండి. గది బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా, లేకపోతే కింది అంతస్తులో ఇస్తారా అని తప్పకుండా అడగండి. అక్కడి పాత ఇళ్లలో నడిపే లాడ్జీల్లో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి.

డోవర్‌లో ఆగితే నాన్నగారికి ఇంకో లాభం ఉంది. 1940లో మే 26 నుంచి జూన్ 4 వరకు డంకర్క్ తీరంలో చిక్కుకున్న 3,38,000 మందికి పైగా సైనికులను ఇంగ్లండ్‌కు చేర్చిన పనిని డోవర్ కోట కింద ఉన్న సొరంగాల్లోంచే నడిపించారు. ఏళ్ల తరబడి రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెప్పిన మాస్టారు ఆ గదుల్లో నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కోట కొండమీద ఉంది, లోపల నడక ఎక్కువ. అమ్మను గదిలోనో సముద్రపు ఒడ్డున బెంచీ మీదో ఉంచి, మీరూ నాన్నా వెళ్లి రావచ్చు. కోట వేళలు చూసుకుని, కుదరకపోతే మర్నాడు పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం తర్వాతి ఓడ పట్టుకోండి.

డోవర్ ప్రయరీ స్టేషన్ నుంచి ఓడరేవు సుమారు రెండు కిలోమీటర్లే, కానీ టాక్సీలోనే వెళ్లండి. రేవులో ఫ్రెంచ్ పోలీసులు పాస్‌పోర్టులు చూస్తారు. అంటే ఫ్రాన్స్‌లోకి ఎంట్రీ డోవర్‌లోనే అయిపోతుంది. అమ్మానాన్నల రెండో ఎంట్రీ పనికొచ్చేది ఇక్కడే. నడిచి వచ్చేవాళ్లను ఒక బస్సులో ఎక్కించి, వరసలుగా ఆగి ఉన్న లారీల మధ్యనుంచి తీసుకెళ్లి, ఓడ నోట్లోకి నేరుగా నడిపిస్తారు. లోపల లిఫ్ట్ ఉంటుంది. మోకాళ్ల సంగతి చెక్ఇన్ దగ్గరే చెప్తే దారి చూపిస్తారు.

ఎక్కగానే ఎక్కడ పడితే అక్కడ కూర్చోకండి. ముందు అమ్మను ఓడ మధ్య భాగంలో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఊపు అక్కడే తక్కువ. చేతిలో కాస్త అల్లం మురబ్బా పెట్టండి. తర్వాత నాన్నగారిని వెనక వైపు డెక్ మీదికి తీసుకెళ్లండి. ముందువైపు వెళ్లి లాభం లేదు. ఓడ రేవు దాటుతుంటే డోవర్ తెల్లటి కొండలు కనబడేది వెనకనుంచే. దాదాపు 110 మీటర్ల ఎత్తు దాకా లేచే ఆ సుద్ద గోడ, ఓడ కాస్త దూరం జరిగాకే మొత్తంగా కంటికి ఆనుతుంది. జూన్ అయినా అక్కడ గాలి చల్లగా కొడుతుంది, స్వెట్టరూ మఫ్లరూ సూట్‌కేసు అడుగున పెట్టకుండా పైనే ఉంచండి. ప్రయాణం గంటన్నర. ఒంటిగంటకు బయల్దేరితే, గంట ముందుకు జరిగే గడియారంతో కలిపి, కలేలో మూడున్నర అవుతుంది.

కలేలో రేవు నుంచి కలే-వీల్ స్టేషన్‌కు టాక్సీ తీసుకోండి. రైలుకు టైముంటే స్టేషన్‌కు దగ్గర్లోనే టౌన్‌హాల్, దాని ముందు ఫ్రెంచ్ శిల్పి రోదాఁ చేసిన ఆరుగురు పౌరుల కంచు శిల్పం ఉన్నాయి. 1347లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కలేను ముట్టడించి గెలిచినప్పుడు, ఊరిని కాపాడటానికి మెడలో తాళ్లు వేసుకుని లొంగిపోయిన వాళ్లు. ఆ తర్వాత 1558 దాకా కలే ఇంగ్లండ్ చేతిలోనే ఉంది. ఈ కథ నాన్నగారితోనే చెప్పించుకోండి.

బుకింగుల వరుస చెప్తాను. వీసాలు రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ ఏదీ కొనకండి. ముగ్గురి వీసాలూ చేతికొచ్చిన రోజే యూరోస్టార్ కొనండి, ఎందుకంటే ఆలస్యం చేసిన కొద్దీ బాగా పెరిగేది దాని ధరే. మంగళ, బుధవారాలు, మధ్యాహ్నం రైళ్లు సాధారణంగా చవక. శుక్రవారం సాయంత్రం, ఆదివారం జోలికి పోకండి. తర్వాత ఓడ, డోవర్ గది. ఆ తర్వాత ఇంగ్లండ్ రైళ్లు. కలే–లీల్ టికెట్ ఆ రోజే ఫోన్లో కొనుక్కోవచ్చు. ఫ్రాన్స్‌లో సమ్మె ఉందని తెలిస్తే, మర్నాడు నడిచే రైళ్ల జాబితా ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా రైల్వే యాప్‌లో వచ్చేస్తుంది, డోవర్‌లో ఉన్నప్పుడే ఒకసారి చూసుకోండి. కలే నుంచి లీల్‌కు ఆదివారం రైళ్లు తక్కువ, కాబట్టి ఓడ రోజు వారం మధ్యలో పెట్టుకోండి. వాళ్ల పారిస్ విమానానికీ, మీరు లీల్ చేరే రోజుకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ వదలండి.